కణానికి కదలిక ఎక్కడిదో చూపిన భీమవరం వైద్యుడు

మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. గర్భిణి ఉన్న ఇల్లయితే ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉంటాయి. కీళ్లవాతంతో బాధపడే పెద్దవాళ్లుంటే మెథోట్రెక్సేట్ ఉండొచ్చు. బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్రలు మింగకుండా ఏ మూలనో పడి ఉండొచ్చు. షుగరు, బీపీ ఉన్నవాళ్ల ఫైలు తీస్తే క్రియాటినిన్ పరీక్ష రిపోర్టు తప్పక కనిపిస్తుంది. ఒకదానికొకటి సంబంధం లేనట్టున్న ఈ నాలుగింటినీ కలిపే పేరు ఒకటుంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన్ని మందులు కనిపెట్టిన శాస్త్రవేత్తగానే మనలో చాలామంది గుర్తుపెట్టుకున్నారు. అంతకన్నా లోతైన పని ఆయన అంతకుముందే చేశారు. మన ఒంట్లోని ప్రతి కణం తన ఆకారాన్ని నిలుపుకోవడానికి, కదలడానికి, రెండుగా విడిపోవడానికి వాడుకునే ఇంధనాన్ని సీసాలో పట్టి చూపించిన ఇద్దరు ముగ్గురిలో ఆయన ఒకరు. ఆ ఇంధనం సంగతి తెలిస్తే మీ డబ్బాలోని మాత్రలు ఎలా పనిచేస్తాయో, వాటిని ఎందుకు జాగ్రత్తగా వాడాలో కూడా తేలిగ్గా అర్థమవుతుంది.

కణం లోపల పందిరి

కణం అంటే నీళ్లు నింపిన సంచి అని చిన్నప్పుడు బొమ్మల్లో చూసి అనుకుంటాం. ఒట్టి సంచి అయితే అది ఎక్కడ పెడితే అక్కడ జారిపోవాలి. కానీ నరం కణం తీగలా సాగి ఉంటుంది. ఎర్ర రక్తకణం మధ్యలో నొక్కిన గారెలా ఉంటుంది. పేగు కణం పైభాగం కుచ్చుల బ్రష్‌లా ఉంటుంది. ఈ ఆకారాలను పట్టి ఉంచేది లోపలున్న సన్నని ప్రోటీన్ పోగుల అల్లిక. దీన్నే కణ అస్థిపంజరం, సైటోస్కెలిటన్ అంటారు.

ఇందులో ముఖ్యంగా మూడు రకాల పోగులున్నాయి. యాక్టిన్ పోగులు అన్నిటికన్నా సన్నవి, 7 నానోమీటర్ల మందం. మైక్రోట్యూబ్యూల్స్ అనే బోలు గొట్టాలు 25 నానోమీటర్లు. ఈ రెండింటికీ మధ్య రకం పోగులు 10 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరులో 10 లక్షల నానోమీటర్లుంటాయి కాబట్టి ఎంత సన్నవో మీరే ఊహించుకోండి.

మన జఫర్‌గఢ్ పేరులోనే కోట ఉంది. కోట గోడ ఒకసారి కడితే ఏళ్ల తరబడి అక్కడే నిలబడుతుంది. మన ఎముకలు కొంచెం అలాంటివి. కణ అస్థిపంజరం మాత్రం పెళ్లి పందిరి లాంటిది. అవసరమైన చోట గుంజలు పాతుతారు, తాళ్లు బిగిస్తారు, పని అయ్యాక విప్పి ఇంకోచోట వేస్తారు. యాక్టిన్ పోగులు, మైక్రోట్యూబ్యూల్స్ ఇలా నిమిషాల్లో లేస్తూ, నిమిషాల్లో విడిపోతూ ఉంటాయి. గాయమైతే తెల్లకణం పాకుతూ వెళ్లేది యాక్టిన్ బలంతోనే. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను రెండు పక్కలకు లాగేది మైక్రోట్యూబ్యూల్సే.

పందిరి వేయడానికి మనుషులు కావాలి, మనుషులకు తిండి కావాలి. కణంలో ఆ తిండి పేరు ఏటీపీ. సుబ్బారావు కథ దాని దగ్గరికే నడుస్తుంది.

మూడోసారికి గట్టెక్కిన మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో డబ్బుకు కటకట. చదువు మీద మనసు నిలవక, 13 ఏళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలి బయల్దేరారు. తల్లి మనుషుల్ని పంపి వెనక్కి తెప్పించింది. తర్వాత తండ్రి పోయారు. ఉన్న కాస్త బంగారం అమ్మి కొడుకును చదివించింది ఆ తల్లి. రాజమండ్రిలో చదువు సాగలేదు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్ పాసయ్యారు. మీ ఇంట్లో పదో తరగతి తప్పిన పిల్లవాడు ఉంటే ఈ ఒక్క సంగతి చెప్పండి చాలు.

ఆ రోజుల్లో ఆయన్ని రామకృష్ణ మిషన్ ఆకర్షించింది. సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే సేవ చేయొచ్చన్న ఆలోచనతో ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ ముగించి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు సాయం చేశారు. ఆయన కుమార్తె శేషగిరినే సుబ్బారావు పెళ్లి చేసుకున్నారు.

కాలేజీలో ఉండగా గాంధీజీ విదేశీ వస్త్రాలు విడిచిపెట్టమన్నారు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్. ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించినా దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పే పనిలో చేరారు.

ఈలోగా ఆ ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. సోదరులిద్దరు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. ఎడతెగని విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టకపోవడం, రక్తం తగ్గిపోవడం, మనిషి చిక్కి శల్యమవడం దాని లక్షణాలు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. సుబ్బారావుకు కూడా ఆ జబ్బు సోకింది. లక్ష్మీపతి వైద్యంతో ఆయన కోలుకున్నారు. ఈ జబ్బు పేరు గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

పగలు పాఠం, రాత్రి ఊడిగం

పైచదువుకు అమెరికా వెళ్లాలన్న పట్టుదలకు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు అండగా నిలిచారు. 1922 అక్టోబరు 26న సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల వ్యాధుల కోర్సులో చేరారు. ఆయనకున్న ఎల్ఎంఎస్‌తో అక్కడ డాక్టరుగా పనిచేయడం కుదరదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ కుదుర్చుకున్నారు. రోగుల మలమూత్రాల పళ్లేలు ఎత్తడం, కడగడం ఆ పని. ఆయన అమెరికాలో ఉండగానే ఇక్కడ కొడుకు పసితనంలోనే చనిపోయాడు. రెండు మూడేళ్లలో తిరిగొద్దామని వెళ్లిన మనిషి మళ్లీ ఈ నేల మీద అడుగుపెట్టలేదు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు.

డిప్లొమా చేతికొచ్చాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. మొదటి పని, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో తేలిగ్గా కొలిచే పద్ధతి తయారు చేయడం. కొన్ని రసాయనాలు కలిపితే ఫాస్ఫేట్ ఉన్నచోట నీలిరంగు వస్తుంది. రంగు ఎంత గాఢంగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఈ ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని తర్వాతి తరాల బయోకెమిస్ట్రీ విద్యార్థులంతా నేర్చుకున్నారు.

ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

ఇదే పద్ధతిని కండరం నుంచి తీసిన రసం మీద ప్రయోగిస్తే ఒక వింత కనిపించింది. రంగు వెంటనే రాలేదు. కాసేపటికి నెమ్మదిగా వచ్చి, గాఢమవుతూ పోయింది. ఇంకొకరైతే రసాయనం పాడైందనుకుని పారబోసేవారేమో. ఫిస్కే, సుబ్బారావు మాత్రం ఆ ఆలస్యానికి కారణం వెతికారు. కండరంలో ఫాస్ఫేట్ ఒంటరిగా లేదు, దేనికో అంటుకుని ఉంది. ఆమ్లం తగలగానే మెల్లగా విడిపోతోంది. అందుకే రంగు మెల్లగా వస్తోంది. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండరం పనిచేసినప్పుడు అది తగ్గుతుంది, విశ్రాంతి తీసుకుంటే తిరిగి నిండుతుంది.

మీ రిపోర్టులోని క్రియాటినిన్ ఇక్కడి నుంచే వస్తుంది. కండరంలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రోజూ కొంత కొంత విరిగి క్రియాటినిన్‌గా మారి రక్తంలో కలుస్తాయి. కిడ్నీలు దాన్ని బయటికి పంపాలి. కిడ్నీలు నెమ్మదిస్తే రక్తంలో దాని లెక్క పెరుగుతుంది. కండ బాగా తగ్గిన ముసలివాళ్లలో కిడ్నీలు కొంత దెబ్బతిన్నా క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు. అందుకే అంకె ఒక్కటే చూసి ఊరట పడకుండా, వయసును బట్టి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ కూడా చూడాలంటాం.

రెండేళ్లకు, 1929లో, అదే ప్రయోగశాల కండరం నుంచి మరో ఫాస్ఫేట్ పదార్థాన్ని వేరు చేసింది. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, ఏటీపీ. సరిగ్గా అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దాన్ని కనుగొన్నారు. కండరం ముడుచుకోవడానికి బలం లాక్టిక్ యాసిడ్ నుంచి వస్తుందని అప్పటిదాకా అందరూ నమ్మారు. ఆ పరిశోధనకు 1922 నోబెల్ కూడా దక్కింది. బోస్టన్ ఫలితాలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. సుబ్బారావుకు 1930లో పీహెచ్‌డీ వచ్చింది.

నిండు సిలిండరు, ఖాళీ సిలిండరు

ఏటీపీని గ్యాస్ సిలిండరుతో పోల్చుకోండి. మూడు ఫాస్ఫేట్లున్నది నిండు సిలిండరు. ఒకటి ఊడితే శక్తి విడుదలై, ఏడీపీ అనే ఖాళీ సిలిండరు మిగులుతుంది. మైటోకాండ్రియా అనే ప్లాంటులో మనం తిన్న అన్నం, పీల్చిన గాలి కలిసి దాన్ని మళ్లీ నింపుతాయి. ఫాస్ఫోక్రియాటిన్ ఇంట్లో దాచుకున్న రెండో సిలిండరు. బస్సు కోసం పరిగెత్తినప్పుడు మొదటి కొన్ని సెకన్లు మిమ్మల్ని నడిపించేది అదే. ఒంట్లో ఒక సమయంలో ఉండే ఏటీపీ కొంచెమే. కానీ అది రోజంతా ఖాళీ అవుతూ, నిండుతూ తిరుగుతుంది. అలా తిరిగినదంతా కూడితే దాదాపు మన బరువంత అవుతుందని అంచనా.

దీన్ని కణ అస్థిపంజరంతో కలిపింది తర్వాత వచ్చినవాళ్లు. 1939లో రష్యాలో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు కండరంలోని మయోసిన్ అనే ప్రోటీన్ ఏటీపీని విరగ్గొడుతుందని చూపారు. 1940ల మొదట్లో హంగరీలో సెంట్–జార్జి బృందం యాక్టిన్‌ను గుర్తించింది. యాక్టిన్, మయోసిన్ కలిపిన పోగుల మీద ఏటీపీ పడగానే అవి గాజు పాత్రలోనే ముడుచుకున్నాయి. ప్రాణం లేని పోగు కదిలిందన్నమాట. అదే యాక్టిన్ కండరంలోనే కాదు, మన కణాలన్నిటిలోనూ ఉందని ఆ తర్వాత తేలింది. మైక్రోట్యూబ్యూల్స్ లేవడానికి ఏటీపీకి తోబుట్టువు లాంటి జీటీపీ కావాలి. వాటి మీద సరుకు మోసే కూలీలకు మాత్రం ఏటీపీయే కూలి.

ఆ కూలీల్లో ఒకటైన కైనెసిన్‌ను 1985లో కనుగొన్నారు. అది మైక్రోట్యూబ్యూల్ మీద మనిషిలా అడుగులో అడుగు వేస్తూ నడుస్తుంది. అడుగు 8 నానోమీటర్లు. అడుగుకో ఏటీపీ. మీ నడుములోంచి కాలి వేలి దాకా పోయే నరం పొడవు దాదాపు ఒక మీటరు. ఒక మూట ఆ చివరికి చేరాలంటే 12 కోట్లకు పైగా అడుగులు పడాలి. రోజుకు 40 సెంటీమీటర్ల దాకా నడిచే ఈ కూలీకి అది రెండున్నర రోజుల ప్రయాణం. షుగరు ఉన్నవాళ్లకు తిమ్మిర్లు ముందు అరికాళ్లలో మొదలవడానికి ఒక కారణం ఇదే. ఎంత పొడవైన నరమైతే అంత తొందరగా ఇబ్బంది.

ఇంధనం ఆగిపోతే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. మనిషి చనిపోయిన కొన్ని గంటలకు ఒళ్లు కొయ్యబారుతుంది. ఏటీపీ అయిపోవడంతో యాక్టిన్‌ను పట్టుకున్న మయోసిన్ వదలలేక అలాగే బిగుసుకుపోతుంది. పట్టు విడవడానికి కూడా శక్తి కావాలి. ఆ ప్రోటీన్లు పాడవడం మొదలయ్యాకే ఒళ్లు మళ్లీ సడలుతుంది.

పేగు కుచ్చులు, అన్నదమ్ముల జబ్బు

హార్వర్డ్‌లో ఇంత చేసినా సుబ్బారావుకు అక్కడ శాశ్వత స్థానం దక్కలేదు. ఆయన పనిలో కొంత భాగం ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడలేదని, అవే పదార్థాలను ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుగొనాల్సి వచ్చిందని అదే ప్రయోగశాలలో పనిచేసి 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో రాశారు. 1940లో సుబ్బారావు న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీలో చేరి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

అక్కడ ఆయన బృందం పట్టుకున్న మొదటి పెద్ద పని ఫోలిక్ యాసిడ్. గర్భిణుల్లో రక్తం తగ్గే ఒక రకం జబ్బు ఈస్ట్ సారంతో నయమవుతుందని 1930ల మొదట్లో బొంబాయిలో లూసీ విల్స్ చూపించారు. అందులో ఉన్న మేలు చేసే పదార్థం ఏమిటో తేలలేదు. దాన్ని లివర్ నుంచి, సూక్ష్మజీవుల నుంచి వేరు చేసి, 1945 నాటికి కృత్రిమంగా తయారు చేయగలిగింది సుబ్బారావు బృందం.

ఇక్కడ మళ్లీ పేగు దగ్గరికి రావాలి. పేగు కణం పైభాగాన వేల కొద్దీ సన్నని కుచ్చులుంటాయి. ఒక్కో కుచ్చు లోపల యాక్టిన్ పోగుల కట్ట నిలబడి ఉంటుంది. ఆ కుచ్చుల వల్లే పేగు వైశాల్యం పెరిగి తిన్నది ఒంటికి పడుతుంది. ఈ కణాలు మూడు నుంచి ఐదు రోజులకోసారి రాలి కొత్తవి వస్తాయి. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ తయారవ్వాలి. డీఎన్ఏకి ఫోలిక్ యాసిడ్ కావాలి. స్ప్రూలో పేగు పొర దెబ్బతిని ఫోలిక్ యాసిడ్ లోపలికి రాదు. అది రాక కొత్త పొర సరిగా రాదు. ఇదొక విషవలయం. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఈ వలయాన్ని తెంచుతుంది.

ఆ తర్వాత లెడర్లీలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. 1948లో ప్రపంచానికి అందిన ఈ మందే టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. నేడు ఉష్ణదేశాల్లో వచ్చే స్ప్రూకు ఇచ్చే వైద్యం ఈ రెండే, ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. తోబుట్టువులను మింగిన జబ్బుకు రెండు మందులూ సుబ్బారావు నడిపిన సంస్థ నుంచే వచ్చాయి. వాళ్లకు మాత్రం పాతికేళ్లు ఆలస్యమైంది.

గర్భిణులకు ఫోలిక్ యాసిడ్ ఎందుకో కూడా చెప్పుకుందాం. పిండంలో మెదడు, వెన్నుపాము మొదట చాపలా పరచుకుని ఉంటాయి. ఆ చాప అంచులు లేచి గొట్టంలా చుట్టుకోవాలి. కణాల పై అంచులో యాక్టిన్ పోగులు సంచి నాడాలా బిగుసుకోవడం వల్లే చాప వంగుతుంది. ఈ పని గర్భం నిలిచిన 28 రోజుల్లోపే ముగుస్తుంది. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే తెలియదు. గొట్టం సరిగా మూసుకోకపోతే బిడ్డకు వెన్నులో లోపం వస్తుంది. ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే ఈ లోపాలు చాలావరకు తగ్గుతాయని 1991లో బ్రిటన్‌లో ముగిసిన పెద్ద అధ్యయనం తేల్చింది. అందుకే నెల తప్పాక కాదు, పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే మాత్ర మొదలుపెట్టాలి.

శత్రువునూ తయారుచేశారు

ఫోలిక్ యాసిడ్ తయారీ చేతికొచ్చాక దానిలాగే కనిపిస్తూ దాని పని చెడగొట్టే పదార్థాలను కూడా ఆ బృందం తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశారు. అప్పట్లో ఆ జబ్బు వస్తే వారాల్లో, నెలల్లో ప్రాణం పోవాల్సిందే. 1948 జూన్‌లో ఆయన ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. క్యాన్సర్‌కు మందుతో చికిత్స అనే దారి అలా తెరుచుకుంది. దాని స్థానంలో వచ్చిన మెథోట్రెక్సేట్‌ను మనం ఇప్పటికీ వాడుతున్నాం.

మెథోట్రెక్సేట్ కణ అస్థిపంజరాన్ని ముట్టదు. డీఎన్ఏ తయారీని ఆపుతుంది. అస్థిపంజరాన్ని కొట్టే మందు దానికి తోడుగా వచ్చింది. అది మీ పెరట్లో గులాబీ, తెలుపు పూలు పూసే బిళ్ల గన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్. ఇది మైక్రోట్యూబ్యూల్స్ లేవకుండా చేస్తుంది. క్రోమోజోములను లాగే తాళ్లు లేక క్యాన్సర్ కణం చీలలేక చస్తుంది. అవే మైక్రోట్యూబ్యూల్స్ నరాల్లో సరుకు రవాణాకు దారులు కాబట్టి ఈ మందు వల్ల కాళ్లు తిమ్మిరెక్కడం కూడా ఉంటుంది. ఇలాంటి మందుల కలయికతో, పూర్తి వైద్యం అందే చోట, పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం బ్లడ్ క్యాన్సర్ పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి నయమవుతోంది. బిళ్ల గన్నేరు ఆకులు నమిలితే షుగరో, క్యాన్సరో తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆకులో మందు ఎంతుందో, విషం ఎంతుందో ఎవరూ చెప్పలేరు.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను చాలా తక్కువ మోతాదులో ఇస్తాం. ఇది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ మింగితే నోట్లో పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దాని దుష్ప్రభావాలు తగ్గడానికి వేరే రోజున ఇచ్చే మాత్ర ఏమిటో తెలుసా? ఫోలిక్ యాసిడే. విషమూ విరుగుడూ ఒకే ప్రయోగశాల నుంచి వచ్చాయన్నమాట.

బోదకాలు మాత్ర

ఉష్ణదేశాల జబ్బుల కోసమే అమెరికా వెళ్లిన సుబ్బారావు ఆ సంగతి మరిచిపోలేదు. బోదకాలు దోమ ద్వారా వచ్చే పురుగుల జబ్బు. గోదావరి జిల్లాల నుంచి మన తెలంగాణ పల్లెల దాకా ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. 1947లో లెడర్లీ బృందం హెట్రజాన్‌ను ప్రకటించింది. అదే డీఈసీ. రక్తంలో తిరిగే పిల్ల పురుగులను ఇది తుడిచేస్తుంది.

ఇప్పుడు దీంతోపాటు ఆల్బెండజోల్ కూడా ఇస్తున్నారు. జఫర్‌గఢ్ బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా ఇదే. ఆల్బెండజోల్ పురుగు కణాల్లోని మైక్రోట్యూబ్యూల్స్‌ను లేవనివ్వదు. దాంతో పురుగు పేగు కణాలు చక్కెరను పీల్చుకోలేవు, దాని ఒంట్లో ఏటీపీ అడుగంటుతుంది. పందిరీ కూలిపోతుంది, ఇంధనమూ అయిపోతుంది. మన కణాల్లోని మైక్రోట్యూబ్యూల్స్‌ను ఇది అంతగా పట్టుకోదు కాబట్టి మాత్ర మనకు భద్రమే.

1948 ఆగస్టు 8న నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు చనిపోయారు. వయసు 53. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కాలేదు. ఫార్బర్ ఫలితాలు వెలువడి రెండు నెలలే. నోబెల్ రాలేదు. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి ఏడాది 1995లో తపాలా శాఖ స్టాంపు వేసింది. మీరు ఈ పేజీ మడిచి పక్కన పెట్టేలోపు మీ కణాల్లో ఎన్ని కోట్ల ఏటీపీలు ఖాళీ అయి నిండుతాయో లెక్కే లేదు.

ఇవి గుర్తుంచుకోండి

• పిల్లలు కావాలనుకునే స్త్రీలు గర్భానికి కనీసం నెల ముందు నుంచి మొదటి మూడు నెలలదాకా రోజూ ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలి. మామూలుగా 400 మైక్రోగ్రాములు చాలు. అంతకుముందు బిడ్డకు వెన్ను లోపం వచ్చినవాళ్లకు, మూర్ఛ మందులు వాడేవాళ్లకు మోతాదు వేరు. డాక్టర్‌ను అడగండి.

• కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని, ఆ రోజు పేరు మాత్రల అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఇంట్లో ఇంకొకరికి కూడా ఆ రోజు తెలియాలి. నోటిపూత, జ్వరం, ఎడతెగని దగ్గు, ఆయాసం కనిపిస్తే మందు ఆపి వెంటనే ఆస్పత్రికి రండి. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు ఇది వాడకూడదు.

• బోదకాలు మాత్రలు ఇంటికి తెచ్చినప్పుడు, జబ్బు లేకపోయినా, అన్నం తిన్నాక వాళ్ల ముందే మింగండి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో మంచం పట్టినవాళ్లకు ఇవ్వరు.

• ఆ మాత్ర మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి, వికారం వస్తాయి. చాలాసార్లు అది ఒంట్లోని పురుగులు చస్తున్నందుకే. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే దగ్గరి ఆరోగ్య కేంద్రంలో చూపించండి.

• క్రియాటినిన్ పరీక్ష రిపోర్టు తీసుకునేటప్పుడు ఈజీఎఫ్ఆర్ కూడా ఉందేమో చూడండి. షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా ఈ పరీక్షతోపాటు పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి.